మూత మూసినా నిద్రపోని ల్యాప్‌టాప్

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో ఇటీవల లినక్స్ వేసుకున్నాను. రాత్రి మూత మూసి సంచిలో పెడితే తెల్లవారేసరికి వేడెక్కి, బ్యాటరీ ఖాళీ అయి ఉంటోంది. రెండుసార్లు మూత తెరిచాక తెర నల్లగానే ఉండిపోతే, పవర్ బటన్ నొక్కిపట్టి ఆపవలసి వచ్చింది. సెట్టింగులన్నీ మార్చి చూసినా ఫలితం లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు రాసినవాటిలో రెండు వేర్వేరు లోపాలు ఉండవచ్చు కనుక, సెట్టింగులు మార్చడం ఆపి, ముందుగా ఆ రాత్రి ఏం జరిగిందో లాగ్‌లో, అంటే యంత్రం తన పనులను నమోదు చేసుకునే చిట్టాలో చూడండి. జర్నల్‌సీటీఎల్ (journalctl) ఆదేశంతో తెరుచుకునే ఆ లాగ్‌లో సస్పెండ్ ఎంట్రీ (నిద్రకు వెళ్లడం), సస్పెండ్ ఎగ్జిట్ (నిద్ర లేవడం) అనే పంక్తులు సమయంతో సహా కనిపిస్తాయి. ఎంట్రీ పంక్తే లేకపోతే యంత్రం అసలు నిద్రకు పోలేదన్నమాట. ఏదైనా ప్రోగ్రాము అడ్డుపడుతోందేమో సిస్టమ్‌డీ-ఇన్‌హిబిట్ (systemd-inhibit) ఆదేశం చూపే జాబితాలో తెలుస్తుంది. ఎంట్రీ, ఎగ్జిట్‌లు రాత్రంతా ఒకదాని వెంట ఒకటి వచ్చి ఉంటే, నిద్రపోయిన యంత్రాన్ని ఏదో ఒక పరికరం మళ్లీ మళ్లీ లేపుతోంది. ప్రోక్‌లోని ఏసీపీఐ ఫోల్డరులో ఉన్న వేకప్ అనే ఫైలులో (/proc/acpi/wakeup), లేపే అనుమతి ఉన్న పరికరాల ఎదుట ఎనేబుల్డ్ అని ఉంటుంది. అనుమానం ఉన్న పరికరం పేరును రూట్ (అడ్మినిస్ట్రేటర్) అధికారంతో అదే ఫైలులోకి పంపితే ఆ అనుమతి పోతుంది. రెండోసారి పంపితే తిరిగి వస్తుంది. ఇది మరచిపోయి గంటలకొద్దీ తికమకపడేవారు ఉంటారు.

ఎంట్రీ ఒక్కటే, ఎగ్జిట్ ఒక్కటే ఉండి కూడా బ్యాటరీ హరించుకుపోతే, మీ యంత్రానిది తేలిక నిద్ర కావచ్చు. సిస్ కింద పవర్ ఫోల్డరులోని మెమ్-స్లీప్ ఫైలు (/sys/power/mem_sleep) తెరిస్తే ఎస్2ఐడిల్, డీప్ అనే పేర్లు కనిపించవచ్చు; చదరపు బ్రాకెట్లలో ఉన్నది ప్రస్తుతం వాడుకలో ఉన్న పద్ధతి. డీప్‌లో మెమరీకి తప్ప దాదాపు అన్నిటికీ కరెంటు ఆగిపోతుంది. ఎస్2ఐడిల్‌లో ప్రాసెసర్ కరెంటు ఆగకుండా విశ్రాంతి స్థితిలో మాత్రమే ఉంటుంది కాబట్టి, ఒక్క పరికరం సరిగా విశ్రమించకపోయినా వాడకం తగ్గదు. డీప్ అనే పదాన్ని ఆ ఫైలులోకి పంపి ఒక రాత్రి పరీక్షించండి. రీబూట్ చేస్తే ఆ మార్పు పోతుంది. నచ్చితే మెమ్-స్లీప్-డీఫాల్ట్ అనే కెర్నల్ (లినక్స్ మూలభాగం) పారామీటరుకు డీప్ విలువ ఇచ్చి (mem_sleep_default=deep), లినక్స్‌ను బూట్ చేసే ప్రోగ్రామైన గ్రబ్‌లో చేర్చుకోండి. జాబితాలో డీప్ లేకపోతే ఆ సదుపాయాన్ని ఫర్మ్‌వేర్ (యంత్రంలోనే ఉండే మూల సాఫ్ట్‌వేర్) చూపడం లేదు. ఆ ఫర్మ్‌వేర్ సెట్టింగుల తెర అయిన బయోస్‌లో నిద్ర పద్ధతిని ఎంచుకునే సెట్టింగు కొన్ని యంత్రాల్లోనే ఉంటుంది.

ఇక నల్లతెర సంగతి. ఇందులో నేను ముందుగా అనుమానించేది గ్రాఫిక్స్ డ్రైవరును. బలవంతంగా ఆపిన తరువాత, జర్నల్‌సీటీఎల్‌కు మైనస్ బీ మైనస్ 1 చేర్చి (journalctl -b -1) అంతకుముందటి బూట్ లాగ్‌లో చివరి పంక్తులు చదవండి. గ్రబ్‌లో ఇంకో వెర్షన్ కెర్నల్ ఉంటే దానితోనూ ఒకసారి ప్రయత్నించండి. అందులో బాగా పనిచేస్తే లోపం హార్డ్‌వేరుది కాకపోవచ్చు. ఇవి తేలేవరకూ ల్యాప్‌టాప్‌ను సంచిలో పెట్టేముందు పూర్తిగా షట్‌డౌన్ చేయండి.