కేంబ్రిడ్జ్ చైనా చరిత్ర సంపుటాలు ఒకటో సంపుటం నుంచి వరుసగా చదవాలా?

"చైనా చరిత్ర మొదటి నుంచి గట్టిగా చదవాలని ఉంది. కేంబ్రిడ్జ్ సంపుటాలు వరుసగా చదువుకుంటూ పోతే సరిపోతుందా?" అని అడిగారు.

వరుసగా వద్దండీ. నేను అదే పని చేసి, ఒకటో సంపుటంలో హాన్ కాలం నాటి పాలనా వ్యవస్థ దగ్గర ఆగిపోయాను. ఎనిమిది నెలలు ఆ పుస్తకం వైపు చూడలేదు.

ఇది ఒకరు కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చెప్పిన కథ కాదు. జాన్ ఫెయిర్‌బ్యాంక్, డెనిస్ ట్విచెట్ ప్రధాన సంపాదకులు, అధ్యాయాలు రాసింది మాత్రం వేర్వేరు పండితులు. అచ్చయిన క్రమం కూడా అస్తవ్యస్తమే. 1978లో అన్నిటికన్నా ముందు వచ్చింది పదో సంపుటం. ఒకటోది 1986లో వచ్చింది, రెండోది 2019లో! నేను చదివేనాటికి నాలుగోది రానేలేదు. వేసినవాళ్లకే లేని వరుస మనకెందుకు?

నన్ను అసలు ఏడిపించినవి పేర్లు. సుయ్, తాంగ్ వంశాల మీద ఉన్న మూడో సంపుటం చదువుతున్నాను. మన స్కూలు పుస్తకాల్లో హుయాన్‌త్సాంగ్ ఉంటాడు కదా, ధాన్యకటకం దాకా వచ్చిన బౌద్ధ యాత్రికుడు. ఉన్నట్టుండి ఆయన చక్రవర్తి అయిపోయాడు! సన్యాసి సింహాసనం ఎప్పుడెక్కాడా అని పేజీలు వెనక్కి తిప్పాను. తీరా చూస్తే ఇద్దరూ వేరు. యాత్రికుడు 664లో పోయాడు, ఈ చక్రవర్తి గద్దెనెక్కింది 712లో. ఇంగ్లీషు స్పెల్లింగులో (Hsüan-tsang, Hsüan-tsung) ఒక్క అక్షరమే తేడా.

చైనా పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో రాయడానికి రెండు పద్ధతులున్నాయి. పాత సంపుటాల్లో పేర్లు చాలావరకు వేడ్-జైల్స్ పద్ధతిలో ఉంటాయి. ఇప్పటి పుస్తకాలు, మ్యాపులు పిన్‌యిన్ వాడతాయి. ఆ పాత పద్ధతిలో కొన్ని అక్షరాల పక్కన చిన్న అపాస్ట్రఫీ కనిపిస్తుంది. ఇంగ్లీషువాళ్లు దాంతో తిప్పలు పడతారు గానీ మనకి చాలా తేలిక: గుర్తు ఉంటే ఒత్తక్షరం, లేకపోతే మామూలు అక్షరం. క-ఖ, త-థ, ప-ఫ తేడా మనం చిన్నప్పుడే దిద్దేశాం. క్రీ.పూ. 221లో చైనాను ఏకం చేసిన వంశం పేరు పక్కన ఆ గుర్తు ఉంటుంది, అంటే 'ఛిన్'. గుర్తు లేని 'చిన్'లలో ఒకటి 1115 నుంచి 1234 దాకా ఉత్తర చైనాను ఏలిన జుర్చెన్‌ల వంశం. ఆ గీత చూసుకోకపోతే పదమూడు వందల ఏళ్లు ఎగిరిపోతాయి. ఈ కిటుకు నాకు తట్టేసరికి రెండు సంపుటాలు అయిపోయాయి.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? ముందు హార్వర్డ్ వాళ్ల ఆరు పుస్తకాల సెట్ తీసుకోండి. టిమొతీ బ్రూక్ ప్రధాన సంపాదకుడు, 2007-2010 మధ్య వచ్చాయి. ఛిన్ నుంచి చివరి రాజవంశం ఛింగ్ దాకా నడుస్తుంది, పేర్లన్నీ పిన్‌యిన్. మొదటి మూడూ మార్క్ ఎడ్వర్డ్ లూయిస్ ఒక్కరే రాశారు కాబట్టి గొంతు మారదు. అందులో మీకు కుతూహలం పుట్టిన కాలానికి కేంబ్రిడ్జ్ తెరవండి.

నాకు దారి చూపింది పదో సంపుటంలో నల్లమందు యుద్ధం మీద ఉన్న అధ్యాయం. ఆ సరుకులో పెద్ద భాగం బీహార్, బనారస్ వైపు పండి, ఈస్టిండియా కంపెనీ కలకత్తా వేలంలో అమ్ముడై చైనాలోని కాంటన్ రేవు చేరేది. తెలిసిన ఊళ్ల పేర్లు తగిలితే చదువు దానంతటదే సాగుతుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది మాత్రం ఆరోది. ఖితాన్లు, టాంగుట్లు, జుర్చెన్లు, మంగోలులు స్థాపించిన రాజ్యాల చరిత్ర అది. వేరే పుస్తకాల్లో సరిహద్దు అవతల గుర్రాల దుమ్ములా కనిపించే వీళ్లు, ఇందులో పన్నులు వేసి, లిపులు తయారు చేసుకున్న పాలకులు.

పాతబడినవీ ఉన్నాయి. చైనాలోని లీయె అనే చోట ఛిన్ కాలపు వెదురు, చెక్క పలకలు వేలకొద్దీ దొరికింది 2002లో. 1986 నాటి ఒకటో సంపుటంలో అవెలా ఉంటాయి? 1949-1982 కాలానికి కేటాయించిన 14, 15 సంపుటాలు 1987, 1991లలో వచ్చాయి. మావో కాలానికి ఆ రెండిటి మీదే ఆధారపడకండి.

కొనకండి, ధర చూస్తే టెన్షన్ వస్తుంది. యూనివర్సిటీ లైబ్రరీలో అడగండి. నేను వెళ్లిన చోట సెట్ పూర్తిగా లేదు, ఉన్నవాటిలో కొన్నిటికి పేజీలు కూడా విడలేదు.