జామాయిల్ ఆకుల మీద చదివితే పిల్ల సెటిలవుద్దా?

గజపతినగరం వైపు నుంచి ఒక నాన్నగారు రాశారు. అమ్మాయి బైపీసీ అయిపోయింది, కాలేజీ ల్యాబ్‌లో మేడమ్ దగ్గరుండి చేయించిన జామాయిల్ ఆకుల ప్రాజెక్టు దగ్గర్నుంచి ఇదే చదువుతానని ఒకటే పట్టంట. ఈయనేమో మేనేజ్‌మెంట్ కోటాలో బీటెక్ బయోటెక్నాలజీ సీటు మాట్లాడేసి, అదా బీఫార్మసీయా పోల్చి చెప్పమంటున్నారు.

చెప్తాను గానీ అన్నగారూ, మీరు రాసిన అంతట్లోనూ నాకు నచ్చింది మీరు విసుక్కుంటూ రాసిన ముక్కే. ఆకుల కషాయంలో ముంచిన కాగితం చుక్క చుట్టూ ఏమీ రాలేదు, స్పిరిట్‌లో ఆకులు నానబెట్టిన రసం చుక్క చుట్టూ మాత్రం బ్యాక్టీరియా పెరగకుండా ఉంగరంలా ఖాళీ వచ్చింది, ఎందుకలా అని రాత్రి పదకొండు దాకా బుర్ర తినేస్తోందన్నారు కదా. అది పిచ్చి ప్రశ్న కాదండి. జలుబు చేస్తే ఆవిరి పట్టినప్పుడు ముక్కుకి ఘాటుగా తగిలేది సినియోల్, నీళ్లు మరిగితే ఆవిరితోపాటే లేచిపోతుంది, గిన్నెలో ఏం మిగుల్తుంది? స్పిరిట్‌లో అయితే నూనె దిగుతుంది, ఆవిరికి ఎగరనివీ దిగుతాయి. నీలగిరి కొండల్లో పెరిగే గ్లోబ్యులస్ రకం ఆకుల్లో మాక్రోకార్పాల్స్ అని అలాంటివే ఉన్నాయి. మన మెట్టల్లో కర్రకి వేసేది ఎక్కువగా వేరే రకాలు, వాటి నూనె లెక్క వేరు.

అలాగని మురిసిపోకండి. ప్లేట్‌లో బ్యాక్టీరియాని చంపేవి బోలెడు, మందు అయ్యేవి వేళ్ల మీద లెక్క. ఈ నూనెలు స్టెఫిలోకాకస్ లాంటి బ్యాక్టీరియా మీద పనిచేసినంత సూడోమోనాస్ అనే ఇంకో బ్యాక్టీరియా మీద చెయ్యవు, దానికి పైన ఇంకో పొర అడ్డం. పైగా నూనె మింగితే మనకే విషం, చిన్నపిల్లలకి ఫిట్స్ కూడా వస్తాయి. హెర్బల్ అనగానే ఎగబడే వీడియోలు ఇవేవీ చెప్పవు.

ఇక బయోటెక్. ఆ పేరు చూసి చేరి నాలుగేళ్లయ్యాక మెడికల్ కోడింగ్ కోచింగ్‌కి అమీర్‌పేట వెళ్లిన పిల్లలు నా దగ్గరకి ఎంతమంది వచ్చారో! మంచి ల్యాబ్ ఉన్న కాలేజీ అయితే వేరే మాట, మీరు మాట్లాడిన చోట ల్యాబ్ చూశారా? బిల్డింగే చూసుంటారు. కోపం తెచ్చుకోకండి గానీ మీ భయం ఉద్యోగం గురించి కాదు, రేపు సంబంధాల దగ్గర బీటెక్ అని చెప్పుకోవాలి, అంతేగా? దానికోసం పొలం మీద అప్పు చేస్తారా?

బీఫార్మసీలో ఫార్మకాగ్నసీ అని ఉంది, మొక్కల్లోంచి మందు పదార్థాలు తీసే చదువే అది. ఎంఫార్మ్‌కి రాసే జీప్యాట్ పరీక్షలో వస్తే ఎంఫార్మ్‌లో నెలకి 12,400 స్టైపెండ్, ఆ తర్వాత పరిశోధన చేసేవాళ్లకిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ కొడితే నెలకి 37,000. ఇవేవీ కుదరకపోయినా మందుల కంపెనీలున్న పైడిభీమవరం పక్కనే ఉంది, క్వాలిటీ కంట్రోల్‌లో పని నేర్చిన పిల్ల ఖాళీగా కూర్చోదు. ఆడపిల్ల ఏమైపోతుందో అని బెంగ పడకండి, ఆ బుర్ర ఉన్న పిల్ల ఏమీ అయిపోదు.

బ్యాక్టీరియా మాత్రం ఇంట్లో పెంచనివ్వకండి, ల్యాబ్‌లోనే. సీటుకి అడ్వాన్స్ కట్టకముందు పిల్లని ఒకటి అడగండి, ఆకులేవీ లేకుండా ఉత్త స్పిరిట్‌లో ముంచి ఆరబెట్టిన కాగితం చుక్క కూడా ఆ ప్లేట్‌లో పెట్టిందా లేదా అని. ఆ ఉంగరం ఆకుల వల్ల వచ్చిందో స్పిరిట్ వల్ల వచ్చిందో తేలాలి కదా. ఏమందో నాకు రాయండి.