గ్యాసు కోసం తవ్వింది బావా, నుయ్యా?

సందేహం: 'సహజవాయు అన్వేషణ బావుల భూరసాయన విశ్లేషణ' అని ఒక వ్యాసంలో చదివాను. నీటికోసం తవ్వనిదాన్ని బావి అనవచ్చా? మా వైపు నుయ్యి అంటాం. అదే సరైనదా? – ఒక పాఠకుడు, అమలాపురం

సమాధానం: నుయ్యి మన దేశ్యం. బావి సంస్కృత 'వాపి'కి తద్భవం. పకారం ప్రాకృతంలోనే వకారమైంది, మొదటి వకారం మన నోట బకారమైంది. ఈ రెండూ ఒకటి కావని నన్నయ ఎంత స్పష్టంగా చెప్పాడో చూడండి. ఆదిపర్వంలో శకుంతల దుష్యంతుడితో అంటుంది:

"నుతజలపూరితంబులగు నూతులు నూఱిటికంటె సూనృత
వ్రత! యొక బావి మేలు"

మూలంలోని కూపం నన్నయకు నుయ్యి అయింది, వాపి బావి అయింది. రెంటికీ అర్థం ఒకటే అనుకుంటే, బావి నుంచి క్రతువుకూ, క్రతువు నుంచి సుతుడికీ, సుతుడి నుంచి సత్యవాక్యానికీ ఎక్కే ఆ పద్యం మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది. ఆ నూతుల నీళ్లు తక్కువవేమీ కావు, 'నుతజలం' అనే అన్నాడు. తేడా కట్టడంలో ఉంది. నూతిలో నీళ్లు తోడాలంటే చేంతాడు కావాలి. మెట్ల బావిలోకి దప్పికగొన్నవాడు ఎవడైనా దిగి దోసిలి పట్టవచ్చు. అందుకే ఒక్క బావి నూరు నూతులను మించింది. ఇంత పొదుపుగా చెప్పగలిగినవాడు మళ్లీ తిక్కనే.

ఆ లెక్కన వేల మీటర్ల లోతుకు దించే ఇరుకు బోరు నుయ్యే అవుతుంది. అయితే సింగరేణి కార్మికులు గనిని 'బొగ్గుబాయి' అంటారు. నీటితో పనిలేని బావి జనం నోట ఎప్పుడో స్థిరపడింది. బోరుబావి సరేసరి. కనుక బావిని తప్పనలేను, నుయ్యిని వద్దనలేను.

నాకు కష్టం కలిగించేది ఆ నామవాచకాల గుట్ట. క్రియ లేదు, ఎవరు ఏం చేశారో తెలియదు. పరీక్షించేది బావిని కాదు, అందులోంచి వచ్చినదాన్ని. డ్రిల్లింగ్ బురదతో పైకొచ్చిన రాతిముక్కలను కడిగి, ఆరబెట్టి, పొడిచేసి, సేంద్రియ కార్బన్ ఎంతుందో చూస్తారు. రాక్-ఎవాల్ యంత్రంలో ఆ పొడిని 300 డిగ్రీల దగ్గర వేడిచేస్తే, రాతిలో అప్పటికే పుట్టి ఉన్న హైడ్రోకార్బన్లు, అంటే చమురు, వాయువు, బయటపడతాయి. వేడి ఇంకా పెంచితే కెరోజెన్, అంటే రాతిలో చిక్కుకున్న ఘనరూప సేంద్రియ పదార్థం, విచ్ఛిన్నమవుతుంది. అది అత్యధికంగా విడివడే ఉష్ణోగ్రత సుమారు 435 డిగ్రీలకు లోపే ఉంటే, ఆ రాయి చమురు, వాయువు పుట్టించే పక్వానికి ఇంకా రానట్టు. మీథేన్‌లోని కార్బన్ ఐసోటోపులను (బరువులో తేడా ఉన్న కార్బన్ పరమాణువులను) బట్టి వాయువు సూక్ష్మజీవుల వల్ల పుట్టిందో, భూగర్భపు వేడికి పుట్టిందో తెలుస్తుంది. కృష్ణా–గోదావరి బేసిన్‌లో రాఘవపురం షేల్ (గట్టిపడిన బురదరాయి) వంటి పొరలను ఇలాగే పరీక్షించారు.

ఇదంతా 'బావిలోంచి వచ్చిన రాతిని, వాయువును పరీక్షించారు' అంటే పామరుడికీ తెలుస్తుంది. శాస్త్రం రాసేవారు ఈపాటి దయ చూపాలి.

మీరు నుయ్యి అనే రాయదలిస్తే నిక్షేపంగా రాయండి. కానీ ఈమధ్య కొందరు రాస్తున్నట్టు 'నుయ్యిలో', 'నుయ్యిలు' అనకండి. నూతిలో, నూతులు.