పేరు లేని తళుకుల గిటార్: అది ఎక్కడిదో నాకు ఎలా తెలిసింది

మీ పాత గిటార్‌కు కొత్త రంగు వేయించవచ్చా అన్న మీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను: వేయించకండి. ఎందుకో కింద వివరిస్తాను.

చేతికొచ్చిన పాత ఎలక్ట్రిక్ గిటార్ మీద ఎక్కడా పేరు లేదన్నారు. నాలుగు పికప్‌లు (తీగల కదలికను పట్టి విద్యుత్ సంకేతంగా మార్చే భాగాలు), వాటి పక్కన వరుసగా నొక్కుడు బటన్లు, ముందు వైపు తళుకులు, వెనక వైపు ముత్యపు చిప్ప లాంటి మెరుపు. అది ఏ దేశానిదో, ఏ కాలం నాటిదో ఎలా తేల్చాలని అడిగారు. మీ వర్ణన చదువుతుంటే ఎవరో నా గదిలోకి వచ్చి, మూలనున్న నా గిటార్‌ను చూసి రాసినట్టే ఉంది.

నాది పదకొండేళ్లుగా నా దగ్గర ఉంది. అమ్మినాయన దాన్ని చేతికిస్తూ, "ఇది జపాన్‌దండీ, అరవైల నాటిది" అని ధీమాగా చెప్పాడు. ఏ జాతిదో అంతుబట్టని పాత గిటార్ కనబడితే జపాన్ ఖాతాలో వేసెయ్యడం అందరికీ అలవాటు. అందులో కొంత న్యాయం లేకపోలేదు. 1946లో టోక్యోలో మొదలైన టీస్కో సంస్థ 1960లలో చేసిన గిటార్ల వింత ఆకారాలు, వాటి నిండా స్విచ్‌లు చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు. నేనూ నమ్మాను. దాదాపు రెండేళ్లు టీస్కో పాత కేటలాగుల బొమ్మలు తిరగేశాను. గిటార్ ఒంటి కొమ్ములు సరిపోతే పికప్‌లు సరిపోవు, పికప్‌లు కాస్త దగ్గరగా ఉంటే బటన్లు ఉండవు. పెళ్లిచూపుల్లో జాతకం కుదరనట్టు ఎక్కడో ఒకచోట తేడా కొట్టేది.

అసలు నేను పేరు కోసం వెతకడమే తప్పు. ఆ రోజుల్లో గిటార్ తల మీద ఉండే పేరు చాలాసార్లు అమ్మేవాడిది, చేసేవాడిది కాదు. అమెరికాలో సియర్స్ దుకాణాలు సిల్వర్‌టోన్ అనే పేరుతో అమ్మినవి చూడండి: వాటిలో డానెలెక్ట్రో అనే సంస్థ చేసినవి ఉన్నాయి, హార్మనీ, కే అనే సంస్థలవీ ఉన్నాయి, తరవాత టీస్కోవి కూడా చేరాయి. అదే టీస్కో ఫ్యాక్టరీ సరుకు కింగ్‌స్టన్, కింబర్లీ, హైట్ డీలక్స్ వంటి పేర్లతోనూ దొరుకుతుంది. గోయా అన్న పేరు స్వీడన్‌లో చేసిన గిటార్ల మీదా ఉంది, ఇటలీలో చేసినవాటి మీదా ఉంది. బ్రిటన్ కంపెనీ వాక్స్ పేరున్న గిటార్లలో ఎన్నో ఇటలీలోని ఎకో ఫ్యాక్టరీలో తయారయ్యాయి. కాబట్టి మీ గిటార్‌కు పేరు లేదని మరీ దిగులు పడకండి. ఉన్నా సగం కథే చెప్పేది.

ఇక నా అసలు ఘనకార్యం. గిటార్ వెనక ఎప్పుడో ఎవరో అంటించిన చీటీ తాలూకు జిగురు నల్లగా, జిడ్డుగా మిగిలిపోయి ఉండేది. ఒక ఆదివారం తీరిగ్గా కూర్చుని, గోళ్ల రంగు తుడిచే ద్రవం దూదిలో ముంచి రుద్దాను. అందులో ఉండేది అసిటోన్. మొదటి రుద్దుకే జిగురు పోయింది. రెండో రుద్దుకు దూది బరువుగా జారింది. మూడోసారి తీసి చూస్తే దూది నిండా మెత్తటి తెల్లటి పాకం, అందులో ముత్యపు మెరుపు. ఇంకేముంది, గిటార్ వెనక బొటనవేలంత మేర మెరుపు కరిగి, తడి సున్నం గీసినట్టు మొద్దుబారిపోయింది. ఆ మచ్చ ఇప్పటికీ అలాగే ఉంది. నోట మాట రాక దూదిని అలాగే పట్టుకు కూర్చున్నాను. కాసేపటికి అసిటోన్ ఘాటు తగ్గాక దాని అడుగునుంచి ఇంకో వాసన వచ్చింది: కర్పూరం.

అదే నాకు దొరికిన మొదటి అసలైన ఆధారం. కర్పూరం వాసన వచ్చే ప్లాస్టిక్ సెల్యులాయిడ్. నైట్రోసెల్యులోజ్‌ను కర్పూరంతో కలిపి దాన్ని చేస్తారు. ఇది తెలుసుకోవడానికి నాలా గిటార్‌ను కరిగించనక్కర్లేదు. ఎవరికీ కనబడని అంచున బొటనవేలితో పది పదిహేను సార్లు గట్టిగా రుద్ది, వేడెక్కగానే వాసన చూడండి, చాలు. కాల్చిన సూదితో గుచ్చి చూడమని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం వినకండి. సెల్యులాయిడ్ భగ్గున అంటుకునే పదార్థం.

ఇప్పుడు ఆలోచించండి. ఏ వడ్రంగి అయినా చెక్క గిటార్‌కు రంగు వేస్తాడు, పాలిష్ పెడతాడు. దానికి సెల్యులాయిడ్ రేకు చుట్టాలన్న బుద్ధి ఎవరికి పుడుతుంది? ఆ రేకులు ముందే గోదాములో కట్టలుగా ఉన్నవాడికి, వాటిని వంపుల మీద ముడత లేకుండా అంటించడం చేతనైన పనివాళ్లు ఉన్నవాడికి పుడుతుంది. అంటే పైన ఇలాంటి రేకే చుట్టే అకార్డియన్ (గాలి తిత్తితో మోగే, ఒంటికి తగిలించుకునే వాయిద్యం) తయారీదారుకు. ఆ బటన్ల వరుసను అకార్డియన్ మీద స్వరాల గుంపులు మార్చే రిజిస్టర్ మీటల పక్కన పెట్టి చూడండి, చుట్టరికం తెలిసిపోతుంది. రెండేళ్లు నా ఎదుటే ఉన్నా నాకు తట్టలేదు.

ఇటలీ తూర్పు తీరాన మార్కె ప్రాంతంలో కాస్టెల్‌ఫిదార్దో అనే ఊరుంది. 1863లో పావొలో సొప్రాని అక్కడ అకార్డియన్ల పని మొదలుపెట్టాక ఆ చుట్టుపక్కలంతా అదే వృత్తిగా మారింది. రాక్ అండ్ రోల్ వచ్చి కుర్రకారు చేతుల్లోకి గిటార్లు చేరేసరికి అకార్డియన్ల గిరాకీ పడిపోయింది. పనివాళ్లున్నారు, యంత్రాలున్నాయి, తళుకు రేకులున్నాయి, కొనేవాళ్లే లేరు. చాలామంది గిటార్ల వైపు తిరిగారు. ఒలివియెరో పిజీని 1959లో స్థాపించిన ఎకో వాటిలో పెద్దది, పక్కనే ఉన్న రెకనాతిలో దాని ఫ్యాక్టరీ. అమెరికాలో వీటిని దిగుమతి చేసుకుని అమ్మిన మిల్వాకీకి చెందిన లోడూకా సోదరులు కూడా అకార్డియన్ల వ్యాపారంలోంచి వచ్చినవాళ్లే. ఎకోతోపాటు క్రూచనెల్లి వంటి ఇంకొన్ని సంస్థలు కూడా ఇలాంటి తళుకుల గిటార్లు చేశాయి.

అయితే సెల్యులాయిడ్ కనబడగానే ఇటలీ అని తీర్పు చెప్పకండి. స్వీడన్‌లోని హాగ్‌స్ట్రమ్ కూడా ఈ కోవలోదే. అకార్డియన్ల దిగుమతితో మొదలైన ఆ సంస్థ 1958 నుంచి ఎలక్ట్రిక్ గిటార్లు చేసింది, అవీ తళతళలాడేవే. తేడా ఫ్రెట్‌బోర్డు (మెడ మీద వేళ్లతో తీగలు నొక్కే పలక) దగ్గర పట్టుకోవచ్చు. తొలినాటి హాగ్‌స్ట్రమ్‌లలో అది ప్లాస్టిక్‌తో ఉంటుంది. నా గిటార్‌ది మామూలు చెక్క. ఇంకా బలమైన ఆధారం బటన్ల మీదే ఉంది. మొదటి దాని మీద 0, తరవాత అంకెలు, చివరి దాని మీద ఇంగ్లీషు అక్షరం టి. సున్నా నొక్కితే శబ్దం మొత్తం ఆగిపోతుంది. టి నొక్కితే పికప్‌లన్నీ ఒక్కసారి పలుకుతాయి. ఇటాలియన్‌లో 'తుత్తి' అంటే 'అన్నీ' అని అర్థం. అది "టోన్" అన్న మాటకు పొడి అక్షరమనుకుని, అది టోన్‌ను ఏమీ మార్చడం లేదేమిటని నేను ఎన్నాళ్లో విసుక్కున్నాను!

ఆ తరవాత తీగలు వదులు చేసి, నాలుగు స్క్రూలు విప్పి నెక్ (గిటార్ మెడ) ఊడదీశాను. లోపల పచ్చి చెక్క మీద పెన్సిల్‌తో రాసిన 27, పక్కనే ఎండిపోయిన జిగురులో ఎవరిదో వేలిముద్ర. తేదీ లేదు. నెక్ వెనక ఉండే లోహపు పలక కూడా ఎవరో మార్చేశారు. నిజానికి తయారీదారు పేరు, వరస నంబరు దొరికే చోటు అదే, మీ గిటార్ మీద ఆ పలక ఉంటే ముందు దాన్నే చూడండి. హెడ్‌స్టాక్ (గిటార్ తల) మీద మాత్రం పాత పేరు బిళ్ల ఊడిన చోట వెలిసిపోని మచ్చ కనిపించింది. మూడు నాలుగు అక్షరాలకు మించి పట్టేంత చోటు లేదు. అప్పుడు పాత కేటలాగుల్లో ఇటలీ బొమ్మలు వెతికాను. ఈసారి ఒక్క పూటలో పని అయిపోయింది. కొమ్ముల వంపు, పికప్‌ల మధ్య దూరం, బటన్ల పలక మూలలు, అన్నీ ఎకో 500 వరసలోని నాలుగు పికప్‌ల గిటార్‌తో సరిపోయాయి. అంటే 1960ల తొలి సగం నాటిది.

మీరు చూడవలసిన ఇంకొన్ని చోట్లున్నాయి. స్క్రూల మర గమనించండి. మూడు మిల్లీమీటర్ల నట్టు ఒకటి తీసుకుని పికప్ స్క్రూకు ఎక్కించండి. హాయిగా చివరిదాకా తిరిగితే మెట్రిక్ మర, అంటే అమెరికాది కాకపోవచ్చు. ఒకటి రెండు చుట్లకే బిగుసుకుంటే బలవంతం చేయకుండా ఆపండి, అది అంగుళాల లెక్కది కావచ్చు. ఇది జపాన్‌ను, ఇటలీని విడదీయదు, రెండూ మెట్రిక్కే.

వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే పాట్‌ల (నాబ్‌తోపాటు తిరిగే విద్యుత్ భాగాల) వీపు మీద అంకెలున్నాయేమో చూడండి. అమెరికన్ పాట్‌లైతే అవే తేదీ చెబుతాయి. ఉదాహరణకు 1376632 అని ఉంటే 137 అంటే సీటీఎస్ అనే తయారీదారు, 66 అంటే 1966, 32 అంటే ఆ ఏడాది ముప్పై రెండో వారం. మొదట 304 ఉంటే స్టాక్‌పోల్ తయారీ. అది పాట్ పుట్టినరోజే కానీ గిటార్ పుట్టినరోజు కాదని గుర్తుంచుకోండి. 1966లో అమెరికా గిటార్ సంస్థ ఫెండర్ కొన్న పాట్‌లు ఆ తరవాత రెండు మూడేళ్ల గిటార్లలోనూ కనబడతాయి. పైగా మధ్యలో ఎవరైనా మార్చి ఉండొచ్చు. టంకం మచ్చలు మిగతావాటికన్నా కొత్తగా మెరుస్తుంటే అనుమానించండి. కేబుల్ పెట్టే చోట మామూలు జాక్ బదులు ఐదు పిన్నుల గుండ్రటి సాకెట్ ఉంటే సోవియట్ యూనియన్ వైపు, తూర్పు యూరప్ వైపు చూడండి. మల్టీమీటర్‌తో పికప్ నిరోధం కొలిస్తే అది బతికుందో లేదో తెలుస్తుంది, ఎవరు చేశారో తెలియదు.

జీరో ఫ్రెట్, అంటే నట్ (మెడ చివర తీగలు ఆనే చిన్న పట్టీ) పక్కనే ఇంకో ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు కడ్డీ) ఉంటే, తీగ పొడవు అక్కడినుంచే కొలవాలి. అక్కడినుంచి పన్నెండో ఫ్రెట్ దాకా కొలిచి రెట్టింపు చేస్తే ఆ పొడవు, అంటే స్కేలు, వస్తుంది. యూరప్ గిటార్లలో ఈ జీరో ఫ్రెట్ మామూలే.

ఇక రంగు సంగతి. సెల్యులాయిడ్ మీద రంగు వేయాలంటే ముందు గరుకు కాగితంతో గీకాలి, థిన్నర్‌తో తుడవాలి. అదంతా దానికి విషమే, నా బొటనవేలి మచ్చే సాక్ష్యం. ఆ రేకు తీసేస్తే కింద మిగిలేది ఒక సాదా ప్లైవుడ్ చెక్క, దాన్ని ఎవరూ రెండోసారి చూడరు. మెత్తటి పొడిగుడ్డ, మరీ మురికైతే కాస్త తడిగుడ్డ, అంతకుమించి వద్దు. సెల్యులాయిడ్ పాతబడేకొద్దీ ఆమ్లపు ఆవిరి వదులుతుంది. పెట్టెలో మూసి ఏళ్ల తరబడి ఉంచితే అది బయటికి పోలేక స్క్రూలనూ తీగలనూ తినేస్తుంది. స్క్రూల చుట్టూ పచ్చటి చిలుము, రేకు అతుకుల దగ్గర సన్నటి పగుళ్లు కనబడితే అదే సూచన. నేను నాదాన్ని గాలి ఆడే చోట, ఎండ తగలకుండా పెడతాను. లోపల వైరు అతికించవలసి వస్తే బటన్ల పలక మొత్తం విప్పి, గిటార్‌కు దూరంగా పెట్టి టంకం వేస్తాను.

బటన్లు గరగరమంటుంటే కంగారుపడి మార్చకండి. ఒక్కోదాన్ని యాభై సార్లు నొక్కి వదలండి, సగం జబ్బు అక్కడే నయమవుతుంది. మిగతా సగానికి కాంటాక్ట్ క్లీనర్‌ను సన్నటి దూదిపుల్లకు అద్ది లోపలి లోహపు రేకులకు మాత్రమే రాయండి, నేరుగా చిమ్మితే అది సెల్యులాయిడ్ మీదికి జారుతుంది.

విలువ గురించి కూడా అడిగారు. అరుదైనదంతా ఖరీదైనది కాదు, ఇవి చాలావరకు కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం చేసినవి. ఊడిన ప్రతి స్క్రూనూ, పని చేయకపోయినా ప్రతి పాత భాగాన్నీ ఒక కవరులో వేసి దాచండి, ఎప్పుడైనా అమ్మినా లెక్కకొచ్చేది అదే. వాయించడానికి నాదైతే కాస్త మొండిది. పై ఫ్రెట్‌ల దగ్గర శ్రుతి కొద్దిగా జారుతుంది, పికప్‌ను గోటితో తడితే ఆంప్లిఫయర్‌లో వినబడుతుంది. కానీ మధ్య రెండు పికప్‌లు కలిపి మీటినప్పుడు వచ్చే పలచటి గలగల నా దగ్గరున్న మంచి గిటార్ ఏదీ ఇవ్వలేదు.

మీ గిటార్ బటన్ల మీద ఏ అక్షరాలున్నాయో, నెక్ వెనక పలక మీద ఏముందో చూసి రాయండి. వెనక భాగాన్ని రుద్ది వాసన కూడా చూడండి. కర్పూరం రాకపోతే నేను చెప్పిన ఇటలీ దారి వదిలేసి మళ్లీ మొదటినుంచి చూద్దాం.