ప్రార్థనలో కునుకు పడితే దేవునికి దూరమైనట్టా?

ప్రశ్న: అమ్మగారూ, నేను మహారాణిపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును. ఇల్లు గాజువాకలో. వారం మార్చి వారం నైట్ డ్యూటీ. పొద్దున్న ఇంటికొస్తే పిల్లల క్యారేజీలు, బడి, వంట. బైబిల్ పట్టుకుంటే కళ్లు మూతలు పడిపోతున్నాయి. చాలా ఆదివారాలు ఆరాధనకు వెళ్లలేకపోతున్నాను. వేకువనే లేచి గంట ప్రార్థించేవాళ్లకే శాంతి అంటారు మా సంఘంలో. ఎప్పుడూ ఏదో టెన్షన్. దేవునికి దూరమైపోతున్నానా? – ఒక సోదరి

జవాబు: లేదమ్మా. ముందు ఆ భయం మనసులోంచి తీసేయండి.

ప్రభువు ఇంకా చీకటి ఉండగానే లేచి, ఒంటరిగా వెళ్లి ప్రార్థించారని మార్కు సువార్త 1వ అధ్యాయంలో ఉంది. మీ సంఘంలో చెప్పేది అదే, మంచి మాటే. కానీ 4వ అధ్యాయంలో ఆయన తుఫానులో పడవ వెనక తలగడ మీద నిద్రపోయారు కూడా. 6వ అధ్యాయంలో, వచ్చేపోయే జనంతో శిష్యులకు అన్నం తినే తీరిక లేకపోతే, ఏకాంత చోటికి వచ్చి కాసేపు అలసట తీర్చుకోమన్నారు. ఇవి కూడా ఆయన మాటలూ, ఆయన నడతానే కదా!

మీరు ఈ వారం చదవాల్సింది మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం. ఏలీయా ప్రవక్త ఇక చాలు, చచ్చిపోతాననుకుని చెట్టు కింద పడుకుని నిద్రపోయాడు. దూత వచ్చి తట్టి లేపాడు. ప్రార్థన ఎందుకు మానావని అడగలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు చూపించి తినమన్నాడు. తిని మళ్లీ పడుకున్నాడు. రెండోసారీ లేపి తినమన్నాడు. హోరేబు కొండకు వెళ్లడం, అక్కడ దేవుడు మెల్లని స్వరంతో మాట్లాడటం అన్నీ ఆ తర్వాతే. రాత్రంతా రోగుల దగ్గర నిలబడి వచ్చిన మీకు దేవుడు మొదట ఇచ్చేది కూడా అన్నమూ నిద్రే అని నేను నమ్ముతున్నాను. ఆ నిద్రను ఆయన చేతినుంచి తీసుకోండి, దొంగతనంగా కాదు.

మా వారి ఉద్యోగమంతా పోర్టులో షిఫ్టులే. నైట్ చేసి వచ్చి కంచం ముందు ఆయన చేసే ప్రార్థన రెండు మాటలు: "తండ్రీ, కాపాడావు. వందనం." ఆ రెండు మాటల మీదే ఆయన విశ్వాసం రిటైరయ్యేదాకా నిలిచింది.

నైట్ డ్యూటీ వారంలో 134వ కీర్తన ఒక్కటే పెట్టుకోండి. మూడే వచనాలు. రాత్రివేళ దేవుని మందిరంలో నిలబడి సేవ చేసేవాళ్ల కోసం రాసింది. అంటే మీలాంటి డ్యూటీ ఆనాడూ ఉందన్నమాట! నోటికి వచ్చేస్తే వార్డు సద్దుమణిగాక పుస్తకం లేకుండానే చెప్పుకోవచ్చు. సింధియా మీదుగా ఇంటికొచ్చే బస్సులో, రాత్రి మీరు చూసిన రోగుల్లో ఒక్కరిని తలచుకుని ప్రార్థించండి. మధ్యలో కునుకు పడితే పడనివ్వండి.

ఇంకో మాట. ఆ వారం క్యారేజీల పని మీ వారికి అప్పగించండి. ఇది ఇంట్లో గట్టిగానే చెప్పాలి, ప్రార్థనతో తీరే పని కాదు. మీ డ్యూటీ చార్టు పాస్టరుగారికి చూపించి, మీరు రాలేని ఆదివారాల్లో సాయంత్రం కూడిక ఎక్కడైనా ఉందేమో అడగండి. సెలవు రోజుల్లో కూడా నిద్ర పట్టక గుండె దడగా ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించుకోండి. నర్సులు తమ ఒంటి సంగతి చివర చూసుకుంటారు, మీరలా చేయవద్దు.