డాక్టరు సీటు రాలేదు, హెల్త్ డిగ్రీలో చేర్చమంటారా?

ప్రశ్న: మాది సోంపేట దగ్గర పల్లె. అమ్మాయి బైపీసీ చదివింది. నీట్ కోసం ఒక ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్ కూడా అయింది. రెండోసారీ ఎంబీబీఎస్ సీటు వచ్చే ర్యాంకు రాలేదు. ఇంకో ఏడాది అంటే వద్దంటోంది. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో నాలుగేళ్ళ ఇంటర్ డిసిప్లినరీ హెల్త్ సైన్సెస్ డిగ్రీ ఉందట, సబ్జెక్టులు మనమే కూర్చుకోవచ్చట. ఫీజు ఏడాదికి మూడు లక్షలు. అందులో చేరతానంటోంది. వాళ్ళ తాతగారిని డయాలసిస్‌కి తనే తీసుకెళ్తుంది, అక్కడికొచ్చిన వాళ్ళను ఏ నీళ్ళు తాగుతారు, ఏం పని చేస్తారు అని అడిగి నోట్‌బుక్‌లో రాసుకుంటుంది. బంధువులంతా మా పిల్ల డాక్టరవుతుందనుకుంటున్నారు. వాళ్ళకేం చెప్పాలి? నర్సింగ్ అంటే నలుగురిలో నామోషీ అని మావారు ఒప్పుకోరు. లాంగ్ టర్మ్, నర్సింగ్, ఈ డిగ్రీ – మూడింటిలో ఏది మేలు? – ఒక తల్లి

జవాబు: అమ్మా, ర్యాంకులొచ్చిన నెలలో నాకొచ్చే ఉత్తరాల్లో సగం ఇలాంటివే. ఊళ్ళు మారతాయి, మార్కులు మారతాయి. ‘వాళ్ళకేం చెప్పాలి’ అన్న మాట మాత్రం ప్రతి ఉత్తరంలోనూ ఉంటుంది. మీ పిల్ల జీవితం ఎక్కడా ఆగిపోలేదు, ముందు ఆ టెన్షన్ వదిలేయండి. ఇంకో ఏడాది లాంగ్ టర్మ్ సంగతి ఇక్కడే తేల్చేద్దాం. తనంతట తాను మళ్ళీ రాస్తానన్నవాళ్ళకే అది పనికొస్తుంది. వద్దన్న పిల్లను బలవంతాన కూర్చోబెడితే ఏడాదీ పోతుంది, పిల్ల మీద పిల్లకున్న నమ్మకమూ పోతుంది. నీట్‌కి ఇప్పుడు గరిష్ఠ వయసు పరిమితి లేదు. రేపెప్పుడైనా మనసైతే రాసుకుంటుంది.

మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివింది నోట్‌బుక్ సంగతి. మీరు దాన్ని మాటవరసకు రాసి బంధువుల దగ్గరికి వెళ్ళిపోయారు. మీ ఉద్దానంలో క్రియాటినిన్ అన్న మాట, కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే ఆ రక్తపరీక్ష పేరు, బడికి వెళ్ళనివాళ్ళకూ తెలుసు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఇన్నేళ్ళుగా కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ కచ్చితంగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, హిరమండలం రిజర్వాయరు నుంచి తాగునీటి పథకం ప్రారంభమయ్యాయి. మంచిదే. కానీ ఆసుపత్రికి వచ్చేసరికే జబ్బు ముదిరిపోయి ఉంటుంది. అసలు ఎందుకొస్తోంది? నీళ్ళలోని సిలికా వల్లా, లోహాల వల్లా, ఎండలో నీళ్ళు తాగకుండా పని చేయడం వల్లా, నొప్పి మాత్రల వల్లా? అన్నీ అనుమానాలే. తేల్చాలంటే కిడ్నీ డాక్టరు (నెఫ్రాలజిస్టు) ఒక్కరే చాలరు. నీటి పరీక్షలు తెలిసినవాళ్ళు, గడప గడపకూ వెళ్ళి సరైన ప్రశ్న అడగగలిగినవాళ్ళు, ఆ జవాబులకు లెక్క కట్టగలిగినవాళ్ళు కలిసి పని చేయాలి. మీ అమ్మాయి ఎవరూ చెప్పకుండానే ఆ పని మొదలుపెట్టింది. ఆ విలువ ఇంట్లోవాళ్ళే గుర్తించకపోతే ఎలా?

పలు శాస్త్రాలు కలిపి ఆరోగ్యాన్ని చదివే డిగ్రీ ఇలాంటి ప్రశ్నలకు తగ్గదే. అయినా కళ్ళు మూసుకుని చేర్చేయమని చెప్పలేను.

కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ 2000లో హెల్త్ సైన్సెస్ డిగ్రీ మొదలుపెట్టింది. దానికి మంచి పేరుంది. అయితే అక్కడ మెడిసిన్ అనేది డిగ్రీ అయ్యాక చదివే చదువు, ఆ డిగ్రీ చేసిన చాలామంది తర్వాత డాక్టర్లవుతారు. మనకు ఎంబీబీఎస్ ఇంటర్ తర్వాతే. ఇక్కడ నాలుగేళ్ళు హెల్త్ సైన్సెస్ చదివినా డాక్టరు కావాలంటే మళ్ళీ నీట్ రాసి మొదటి ఏడాది నుంచే రావాలి. ఫారిన్ మోడల్ అని బ్రోషర్‌లో వేసేవాళ్ళు ఈ తేడా చెప్పరు.

ఈమధ్య ఒక తండ్రి ఇలాంటి కోర్సు సిలబస్ నా ముందు పెట్టారు. పబ్లిక్ హెల్త్ పరిచయం, సైకాలజీ పరిచయం, హెల్త్ ఎకనామిక్స్ పరిచయం, డిజిటల్ హెల్త్ పరిచయం. మూడో ఏడాదిలోనూ పరిచయాలే! మొత్తం 160 క్రెడిట్లలో స్టాటిస్టిక్స్‌కి నాలుగు. జబ్బు ఎవరికి, ఎక్కడ, ఎందుకు వస్తుందో తేల్చే ఎపిడెమియాలజీ ఎలక్టివ్, ఇష్టమైతే తీసుకోవచ్చు. ఫీల్డ్ వర్క్ అంటే ఒక ఆసుపత్రి చూసి రావడం. ఆ ఫీజుతో నాలుగేళ్ళు చదివిన పిల్ల చేతిలో ఒక్క పనీ గట్టిగా ఉండదు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఏడాదికే సర్టిఫికెట్‌తో బయటికి రావచ్చని కూడా ఊరిస్తారు. ఆ సర్టిఫికెట్ చూసి ఎవరు ఉద్యోగమిస్తారో మాత్రం చెప్పరు.

ఉద్యోగం సంగతి కూడా వినండి. విలేజ్ హెల్త్ క్లినిక్‌లలో ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్) పోస్టులకు బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్ళను తీసుకుంటున్నారు. హెల్త్ సైన్సెస్ డిగ్రీ అక్కడ చెల్లదు. ఫిజియోథెరపీ, ల్యాబ్ లాంటి వృత్తులకు 2021 నాటి కేంద్ర చట్టం కింద జాబితా, రిజిస్ట్రేషన్ ఉన్నాయి. మీరు చెప్పిన డిగ్రీ ఆ జాబితాలోని ఏ వృత్తి కిందికి వస్తుందో యూనివర్సిటీని రాతపూర్వకంగా అడగండి.

ఇక నర్సింగ్. మీవారితో ఒక మాట చెప్పండి. డయాలసిస్‌లో తాతగారికి సూది గుచ్చి, మిషను చూస్తూ, బీపీ పడిపోతే పరుగెత్తుకొచ్చేది నర్సులూ టెక్నీషియన్లే. వాళ్ళ చేతుల్లో ఇంటి పెద్దను పెట్టడానికి లేని నామోషీ ఆ చదువు చదివించడానికి ఎందుకు? మీ అమ్మాయికి రోగుల మధ్య పని చేయడం ఇష్టమైతే నా ఓటు బీఎస్సీ నర్సింగ్‌కే, ఆ తర్వాత మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్‌కి. ముందు ఉపాధి, ఆపైన పరిశోధన, రెండూ అందుతాయి.

వార్డులో పని ఇష్టం లేదు, కారణాలు వెతకడమే ఇష్టం అంటే అప్పుడు డిగ్రీ గురించి ఆలోచించండి. దాన్నీ ఆ యూనివర్సిటీలోనే చదవాలనేం లేదు. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కాలేజీల్లో 2023-24 నుంచి ఒక మేజర్, దాంతో మైనర్ పద్ధతి వచ్చింది. మైక్రోబయాలజీయో, ఫుడ్ అండ్ న్యూట్రిషనో మేజర్‌గా తీసుకుని, స్టాటిస్టిక్స్, రిసెర్చ్ మెథడ్స్ కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల పోర్టల్ ‘స్వయం’లో చదువుకోవచ్చు. యూనివర్సిటీ ఒప్పుకుంటే ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం వరకు అలా చేసే వీలును యూజీసీ ఇచ్చింది. బైపీసీ పిల్లలు లెక్కలంటే భయపడతారు. ఈ రంగంలో ఆ భయం పోగొట్టుకోవాల్సిందే, స్టాటిస్టిక్స్ లేని హెల్త్ డిగ్రీకి వెన్నెముక లేదు. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం తెచ్చుకుంటే నాలుగో ఏడాది రిసెర్చ్‌తో ఆనర్స్ చేయొచ్చు. మీ మండలం మీదే ప్రాజెక్టు చేసుకోవచ్చు.

హైదరాబాద్‌లోని ఐఐపీహెచ్ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్), హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ముంబయిలోని టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) – ఈ మూడు చోట్లా పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్ ఉంది. ఎవరు ఏ డిగ్రీ వాళ్ళను తీసుకుంటారో వాళ్ళ నోటిఫికేషన్లలో ఇప్పుడే చూసుకోండి, నాలుగేళ్ళ తర్వాత చూసి ఏం లాభం?

బంధువులకు ఏం చెప్పాలన్నారు. మన ఊళ్ళో కిడ్నీలు ఎందుకు పోతున్నాయో కనుక్కునే చదువు చదువుతోందని చెప్పండి. ఉద్దానంలో ఆ మాటను తేలిగ్గా తీసుకునేవాళ్ళు ఉండరు.

ఆ ప్రైవేటు యూనివర్సిటీ మీద అమ్మాయికి ఇంకా మనసుంటే నాలుగేళ్ళ సిలబస్, ఫీల్డ్ వర్క్ ఎన్ని వారాలో, ఇదివరకటి బ్యాచ్ పిల్లలు ఇప్పుడేం చేస్తున్నారో అడగమనండి. ఫోన్ తననే చేయనివ్వండి. సీటు బ్లాక్ చేస్తాం, అడ్వాన్సు కట్టండని తొందరపెడతారు. సిలబస్ చేతికి వచ్చి, అమ్మాయి చదివేదాకా రూపాయి కట్టకండి.