బూస్ట్ పెంచాక కింద పికప్ పోయింది

ప్రశ్న: పెట్రోల్ టర్బో కారుకి ఫ్యాక్టరీ సోలినాయిడ్ (బూస్ట్‌ని, అంటే టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడిని, అదుపు చేసే కరెంటు వాల్వ్) తీసేసి, గాలి కొంచెం బయటికి వదిలే బ్లీడ్ రకం బూస్ట్ కంట్రోలర్ పెట్టాను. పైన బాగా లాగుతోంది, కానీ 3000 ఆర్‌పీఎం లోపు చాలా బద్ధకంగా ఉంది. టర్బో పోయిందా అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: పైన లాగుతోందంటే టర్బో పోయి ఉండే అవకాశం తక్కువ, ముందు ఆ భయం వదిలేయండి. నా అనుమానం వేస్ట్‌గేట్ మీద, అంటే ఎగ్జాస్ట్‌ని టర్బైన్‌కి పోనివ్వకుండా పక్కకి మళ్లించే తలుపు మీద. పాత సోలినాయిడ్ ఉన్నప్పుడు ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) బూస్ట్ నిండే దాకా దాన్ని గట్టిగా మూసి ఉంచేది, బ్లీడ్ రకంలో ఆ పట్టు ఉండదు, కొద్దిపాటి ఒత్తిడికే మెల్లగా తెరుచుకోవడం మొదలై టర్బైన్‌ని తిప్పాల్సిన ఎగ్జాస్ట్ పక్కదారి పట్టేస్తుంది. బాల్, స్ప్రింగ్ ఉన్న కంట్రోలర్ అయితే సెట్ చేసిన ఒత్తిడి దాకా వేస్ట్‌గేట్‌ని తెరిచే యాక్చుయేటర్‌కి గాలి పోనివ్వదు. అది కొనేముందు యాక్చుయేటర్ రాడ్ వదులుగా ఉందేమో చూడండి, బిగించేటప్పుడు చేయి పడ్డ పైపుల్లో లీకుందేమో స్మోక్ టెస్ట్ (లోపలికి పొగ వదిలి ఎక్కడ బయటికొస్తుందో చూడటం) చేయించండి. బూస్ట్ గేజ్ లేకుండా మాత్రం కంట్రోలర్ స్క్రూ ఇంకా తిప్పకండి, దయచేసి. నాకింగ్ (ఇంజిన్‌లో పెట్రోల్ అదుపు లేకుండా పేలినట్టు మండటం) మొదలైతే పిస్టన్లు పోతాయి.